బీములు రాని రోజుల పాటలు

ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను స్టాఫ్‌రూంలో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. హైదరాబాద్ నంబరు. మధ్యాహ్నం పూట అలాంటి నంబర్లు లోను ఇస్తామనే వాళ్లవే అయివుంటాయి కాబట్టి మొదటిసారి ఎత్తలేదు. మళ్లీ మోగింది.

“నమస్తే అండీ. పాత రికార్డింగుల గురించి మాట్లాడాలి. మేడమ్ ఉన్నారా?”

“చెప్పండి, నేనే” అన్నాను.

“మీరు కాదండీ. ఒకప్పుడు సిరిసిల్లలో ఒక బ్యాండులో పాడిన మేడమ్. ఇది వారి నంబరే అన్నారు. ఒకసారి వారికి ఇస్తారా?”

తప్పు ఆ అబ్బాయిది కాదు. థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ అయినప్పటి నుంచి నా గొంతు నా గొంతులా లేదు. లోపల ఒక సన్నటి నరం పనిచేయడం మానేసింది. అలా ఒక్కొక్కరికి అవుతుందని డాక్టర్లు ముందే చెప్పారు. ఆ ఒక్కొక్కరిలో నేను ఉంటానని నేనే అనుకోలేదు. ఇప్పుడు మాట్లాడితే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టు వినిపిస్తుంది. జగిత్యాలలో నేను పనిచేసే బడిలో నడుముకు చిన్న స్పీకర్ పెట్టె కట్టుకుని, నోటి దగ్గర మైకు పెట్టుకుని తెలుగు పాఠం చెబుతాను. పిల్లలు వెనకాల నన్ను మైకు టీచర్ అంటారని తెలుసు. అది నాకు పెద్ద బాధేం కాదు. ప్రార్థనలో అందరూ పాడుతుంటే పెదవులు మాత్రం కదిలించి నిలబడటం, అది బాధ.

“పాడింది నేనే బాబూ. ఇప్పుడు గొంతు మారింది, అంతే” అన్నాను.

అతను చాలాసేపు సారీలు చెప్పాడు. తర్వాత సంగతి చెప్పాడు. అతనూ, ఇద్దరు స్నేహితులూ కలిసి చిన్న మ్యూజిక్ కంపెనీ నడుపుతున్నారట. ఎవరికీ తెలియకుండా పోయిన పాత బ్యాండ్ల పాటలు వెతికి రికార్డులుగా తెస్తారట. మావి రెండు పాటలు ఇంటర్నెట్‌లో విని ఆగలేకపోయాడట. మొదట్లో చేసిన రికార్డింగులన్నీ కలిపి ఒక ఆల్బమ్ చేద్దామని అతని కోరిక.

“మొదట్లో చేసినవంటూ వేరే లేవు. చేసినవే అవి. తర్వాత మేం ఏం చేయలేదు” అన్నాను.

“మీరు వాయించిన దాన్ని పోస్ట్-పంక్ అంటారండీ. ఆ రోజుల్లో తెలుగులో అలా ఎవరూ చేసినట్టు నేను వినలేదు.”

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మేం దాన్ని ఖాళీ పాట అనేవాళ్లం.

మేం ముగ్గురం. గిటారు వాయించేవాడు, నేను అన్న అని పిలిచేవాడు, ముత్యంపేట మనిషి. వాళ్ల నాన్న కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. ఆయన దించిన కల్లు ముంతలకు కట్టే తాడుతోనే చిన్నప్పుడు పెట్టెకు తీగలు కట్టి వాయించేవాడినని అన్న చెప్పేవాడు. అందులో ఎంత నిజముందో తెలియదు గానీ, చక్కెర ఫ్యాక్టరీ సీజన్లో లారీల దగ్గర పనిచేసి గిటారు కొనుక్కున్నాడన్నది మాత్రం నిజం. డ్రమ్ములు వాయించేవాడు మా ఇద్దరికంటే చిన్న, అందుకే తమ్ముడు; అతనిది సిరిసిల్ల. వాళ్ల ఇంటికి ఆనుకునే సాంచాల షెడ్డు ఉండేది. సాంచాలంటే మరమగ్గాలు. మాది కోరుట్లలో చర్చి వెనక వాడ. అమ్మ బీడీలు చేసేది, నాట్ల రోజుల్లో పొలాలకు పోయేది. నేను చర్చిలో పాడేదాన్ని. ఎప్పుడో ఎవరో ఇచ్చిపోయిన బేస్ గిటారు చర్చి బీరువాలో పడి ఉంటే, అడిగి తీసుకుని నేర్చుకున్నాను. నాలుగు లావు తీగలు. వేళ్లు బొబ్బలెక్కేవి.

ముగ్గురం జగిత్యాలలో డిగ్రీ చదువుతుండగా కలిశాం. అన్నకు హాస్టల్లో ఎవరి దగ్గరో ఒక క్యాసెట్ దొరికింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. ఇంగ్లీషు పాటలు. అప్పటిదాకా నేను విన్న పాటల్లో చోటంతా నింపేసి ఉండేది. తబలా, వయొలిన్లు, కోరస్, ఎక్కడా ఊపిరి సలపనిచ్చేవారు కాదు. ఇందులో బేస్ ముందు నడుస్తుంది. గిటారు అక్కడక్కడ గీరినట్టు వచ్చి పోతుంది. పాడేవాడు పాడుతున్నాడో మాట్లాడుతున్నాడో తెలియదు. మధ్యలో ఎంతో చోటు ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీలో నాకు మా వాడ వినిపించింది. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

“గిట్ల మనం చేయొచ్చు చెల్లె” అన్నాడు అన్న. “దీనికి రాగాలు గీగాలు ఎక్కువ రావాల్సిన పని లేదు.”

“మాటలు?” అన్నాను.

“మనం మాట్లాడుకునే మాటలే.”

వాయించడానికి చోటు తమ్ముడి ఇంటి షెడ్డు. సాంచాలకు నూలు చుట్టిన బీములు సేటు దగ్గర్నుంచి రావాలి. అవి వస్తేనే నేత. రాకపోతే షెడ్డంతా మూగబోయి ఉండేది. ఆ రోజుల్లో ఇంటికి పోయిన తమ్ముడు హాస్టల్‌కు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పేవాడు.

“బీములు రాలే.”

ఆ మాట అందిందంటే మేం వేములవాడ మీదుగా బస్సు పట్టుకునే వాళ్లం. మాకు పండగ. వాళ్ల ఇంట్లో పని లేని రోజు. ఆ రెండూ ఒకటేనన్న సంగతి అప్పుడు నాకు తెలియకపోలేదు. వాళ్ల నాన్న గడప మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని మమ్మల్ని చూసేవాడు. ఎన్నడూ ఒక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, “చప్పుడు లేకుంట కూసుంటె నాకు చెవులల్ల జోరీగలు తిరుగుతయి. వాయించుండ్రి, గదన్న ఇంట” అన్నాడు.

మొదటిసారి సిరిసిల్ల పోయినప్పుడు అమ్మ నాతో పాటు వచ్చింది. ఇద్దరు మగపిల్లలతో ఊరుగాని ఊరికి ఆడపిల్లను ఒంటరిగా పంపే ధైర్యం ఆమెకు లేదు. చాటా, కత్తెరా, తునికాకు కట్టా సంచిలో పెట్టుకుని మరీ వచ్చింది. తమ్ముడి అమ్మ కూడా బీడీలు చేసేదే. ఇద్దరూ షెడ్డు మూలన గోడకు ఆనుకుని కూర్చుని, ఒకరి చాటలో ఒకరు ఆకు పంచుకుంటూ, మేం వాయిస్తున్నంతసేపూ బీడీలు చుట్టారు. సాయంత్రం బస్సులో అమ్మ అంది:

“ఆమె మంచిదే. ఇంకోసారి నువ్వే పో. మీ పాటలైతె నాకు తలకాయ నొప్పి లేపినయి.”

మాకు తాళాలు లేవు, అంటే డ్రమ్ముల పక్కన ఉండే ఇత్తడి పళ్లేలు. పెళ్లి బ్యాండువాళ్ల దగ్గర అరువు తెచ్చిన రెండు డ్రమ్ములతోనే తమ్ముడు వాయించేవాడు. హైదరాబాద్ అబ్బాయి అదంతా కావాలని చేసిన పద్ధతి అనుకున్నాడు. అవి కొనలేక చేసిన పద్ధతి అని చెబితే నవ్వాడు. రికార్డింగుకు టూ-ఇన్-వన్ ఒకటి. నూలు కండెల పెట్టె బోర్లించి దాని మీద పెట్టేవాళ్లం. నేను కిటికీ దగ్గర, అన్న సాంచాల వెనక, తమ్ముడు వాకిట్లో నిలబడితే మూడూ సమానంగా వినిపించేవి. ఇది కనిపెట్టడానికి మాకు చాలా క్యాసెట్లు పట్టాయి.

మనుషుల ముందు మేం వాయించింది చాలా తక్కువ. కాలేజీ వార్షికోత్సవంలో మొదటి పాట సగంలోనే సినిమా పాట, సినిమా పాట అని అరిచి దింపేశారు. కోనరావుపేటలో ఒక యువజన సంఘం వాళ్లు మాత్రం పూర్తిగా వాయించనిచ్చారు. అక్కడ “మూడో షిఫ్టు” అనే పాట పాడాను. రాత్రి నేత మీద తమ్ముడూ నేనూ కలిసి రాసిన పాట.

పగలు నాది గాదు, రాత్రి నాది గాదు,
నడిమిట్ల ఉన్నదేందో, గదన్న నాది గాదా.

పాట అయిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె లేచి నా దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుంది.

“ఎవలు వోయిండ్రు బిడ్డా?”

“ఎవలు పోలేదవ్వా. పాటనే, గంతే.”

“మరి గట్ల పాడితివేంది?” అని నా ముఖంలోకి చూసింది. “సరె. ఇంకొక్కసారి పాడు, ఇంట.”

మళ్లీ పాడాను. ఆమె కింద నేల మీదే కూర్చుని విన్నది. మమ్మల్ని ఎవరైనా ఇంకోసారి పాడమని అడిగింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత పెద్ద గొడవేం లేకుండానే బ్యాండు ఆగిపోయింది. అన్న ఊళ్లో చాలామంది లాగే దుబాయ్ పోయాడు. నేను బీఎడ్ చేసి, పెళ్లయి జగిత్యాలలో స్థిరపడ్డాను. తమ్ముడు కొన్నాళ్లు సాంచాలు నడిపి, ఇప్పుడు తంగళ్ళపల్లి వైపు ఒక బట్టల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేస్తున్నాడు. పండక్కి మెసేజ్‌లు పెట్టుకునేవాళ్లం. దుబాయ్ నుంచి తిరిగొచ్చాక అన్న కోరుట్లలో మేడ మీద చిన్న రికార్డింగ్ గది పెట్టాడు. ఇప్పుడు మా వైపు యూట్యూబ్‌లో జానపద పాటలు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకు పని చేసిపెడతాడు. పాత క్యాసెట్ల నుంచి మా పాటలు రెండు ఎక్కించింది ఆయనే. నాకు చెప్పే ఎక్కించాడు. నేను మాత్రం వినలేదు. ఫోన్‌లో లింకు వచ్చింది, బాగుంది అన్నా అని రాశాను, తెరవలేదు. ఆపరేషన్ అయి అప్పటికి ఎంతో కాలం కాలేదు.

ఆల్బమ్ సంగతి తెలిసి అన్న ఫోన్ చేశాడు. గొంతులో హుషారు పట్టలేనట్టుంది.

“చెల్లె, ఆదివారం చర్చి అయినంక మా తాన్కి రా. క్యాసెట్లన్ని సాఫ్ చేసిన. నువ్వు ఇనాలె.”

పోయాను. కోరుట్ల నాకు పుట్టినూరు గనుక పోవడానికి వేరే కారణం వెతుక్కోనక్కరలేదు. చప్పుడు మారుమోగకుండా గది గోడలకు గుడ్లు పెట్టే అట్టలు అంటించి ఉన్నాయి. అన్న నాకు కుర్చీ వేసి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టాడు. వదిన చాయ్ తెచ్చి పక్కన పెట్టింది. ఇన్నేళ్ల తర్వాత నా గొంతు నేను వినబోతున్నాను. ఏడుస్తానేమో, వాళ్ల ముందు ఏడవకూడదు అనుకున్నాను.

డ్రమ్ములు మొదలయ్యాయి. నా బేస్ వచ్చింది. అన్న గిటారు గీరింది. తర్వాత పాట మొదలైంది.

అది నా గొంతు కాదు.

చక్కటి గొంతు. శ్రుతి ఎక్కడా తప్పలేదు. చరణం చివర చిన్న విరుపు కూడా వేసింది ఆ అమ్మాయి. నేను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

“ఎవరీమె అన్నా?”

“మన దగ్గర జానపదాలు పాడే పిల్ల. మస్తు పాడుతది గదా? పాతదాంట్ల నీ గొంతు సరిగ అస్తలేదు చెల్లె. పక్క షెడ్డు సాంచాలు మొదలైనయ్ గా రోజు, యాదికున్నదా? సగం అరుపే ఉన్నది. కంప్యూటర్ల నీ గొంతు తీసి ఒక్క ‘మూడో షిఫ్టే’ మార్చిన. కావాలంటె మిగిలినయి గూడ...”

“నన్ను అడగాలనిపించలేదా?”

“అడిగేటందుకే గదా పిలిచిన.”

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. కానీ కోపం వస్తే నా గొంతు అసలే పలకదు. గాలి మాత్రమే బయటికి వస్తుంది. నడుముకు కట్టుకునే పెట్టె ఆదివారం ఎందుకు తెచ్చుకుంటాను? వదినకు చేతులు జోడించి, చాయ్ సగంలోనే వదిలి కిందికి దిగాను. బస్సులో మెట్‌పల్లి నుంచి వచ్చే పెళ్లివాళ్లు పాటలు పాడుకుంటున్నారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అన్న నా గొంతు గురించి సిగ్గుపడుతున్నాడని ఆ ప్రయాణమంతా నేను నిశ్చయంగా నమ్మాను. అప్పుడు నా పాట బాగాలేదు, ఇప్పుడు నా మాట బాగాలేదు, ఇక నేను ఎప్పుడు బాగున్నట్టు?

ఇంట్లో మా ఆయన ఏమైందని అడిగాడు. చెప్పాను. ఆయన రేషన్ దుకాణం మనిషి, సంగీతం సంగతి తెలియదు. “ఇంతకు పాత పాట ఎట్లుంది?” అన్నాడు.

“తెలియదు. వినలేదు.”

“మరి ఇనకుండ కొట్లాట ఎట్ల వెడుతవ్?”

ఆ రాత్రి నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మరుసటి ఆదివారం సిరిసిల్ల రమ్మని తమ్ముడు ఫోన్ చేశాడు. మా అమ్మాయి కూడా వస్తానంది. ఇంటర్ చదువుతోంది. మా బ్యాండు పాటలు తను ఎప్పుడూ వినలేదు. తనకు గుర్తున్న నా పాట చర్చిలోదీ, వంటింట్లోదీ. తమ్ముడు బస్టాండ్‌కు బండి మీద వచ్చాడు. జుట్టు మొత్తం నెరిసింది. ఇప్పుడు వాళ్ల ఇంటి పక్క షెడ్డు లేదు. సాంచాలు అమ్మేశారు, రెండు గదులు వేసి కిరాయికి ఇచ్చారు. వాళ్ల అమ్మ మా అమ్మ గురించి అడిగింది. పోయి చాలాకాలమైందని చెబితే నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

తమ్ముడు ఫోన్‌ను చిన్న స్పీకర్‌కు కలిపాడు.

“అన్న అసలు టేపు పంపిండక్కా, ఏం మార్చకుంట. నువ్వు ఇనలేదంట గదా. ఇను.”

“ఇప్పుడు వద్దు తమ్మీ.”

“అమ్మా, విందాం” అంది మా అమ్మాయి.

విన్నాను. మొదట గరగరమని క్యాసెట్ చప్పుడు. డ్రమ్ములు. బేస్. ఆ తర్వాత నా గొంతు వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల గొంతు. నేను అనుకున్నంత బాగా ఏం లేదు. ఇన్నాళ్లూ పోయిందని ఏడ్చిన గొంతును నేను మనసులో చాలా పెంచుకున్నానని అర్థమైంది. శ్రుతి తప్పింది, ఊపిరి అందలేదు. రెండో చరణంలో పక్క షెడ్డు సాంచాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆ పిల్ల ఆగలేదు. వాటి మీదికి గొంతెత్తింది. అక్కడి నుంచి అది పాట కాదు. అన్న చెప్పినట్టు సగం అరుపే. అయినా ఆ అరుపు వింటుంటే నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఆ పిల్లకు ఎవరన్నా భయం లేదు. శ్రుతి తప్పుతున్నానన్న భయం కూడా లేదు. నేను నిజంగా పోగొట్టుకున్నది గొంతా, ఆ నదురుబెదురు లేకపోవడమా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పాట అయిపోయింది కూడా గమనించలేదు.

మా అమ్మాయి నన్నే చూస్తోంది. “ఇది నువ్వేనా నిజంగ?” అంది. నేను తలాడించాను. “మల్ల పెట్టు మామా” అంది తమ్ముడితో.

రెండోసారి అయ్యాక తమ్ముడు నెమ్మదిగా అన్నాడు: “అన్న మీద ఏం అనుకోకక్కా. నువ్వు అనుకున్నట్టు కాదు. నువ్వే మాట్లాడు ఆయనతోటి.”

నేను ఫోన్ చేయకముందే అన్న జగిత్యాల వచ్చాడు. బడి వదిలి గేటు దగ్గరకు వస్తుంటే వేపచెట్టు కింద బండి ఆపుకుని ఉన్నాడు. నడుముకు పెట్టె ఇంకా కట్టుకునే ఉన్నాను. ఆయన నన్ను అలా చూడటం మొదటిసారి. చూసి, తల దించుకున్నాడు.

“సిగ్గయిందా అన్నా, నా గొంతు ఇంటుంటె?” అన్నాను. పెట్టె ఆపడం మరిచిపోయాను. మాట గేటు దాకా వినిపించింది. ఇద్దరు పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

“నీ గొంతు ఇంటె నాకు సిగ్గెందుకైతది?” అన్నాడు. “ఆపరేషన్ అయినంక నువ్వు ఫోన్‌ల మాట్లాడితివి జూడు, నేను దుబాయ్‌ల ఉన్న అప్పుడు. ఫోన్ పెట్టేసి బాత్‌రూంల వోయి ఏడ్చిన. లింకు పంపితె బాగుందన్నా అని రాస్తివి. నువ్వు ఇనలేదని నాకెర్కనే. ఇనలేకపోయినవ్ అనుకున్న. గా పాట ఆల్బమ్‌ల వస్తె ఏడికి వోయిన నీకు ఇనవడ్తది, ఎవరో ఒకరు ముంగట వెడ్తరు. గందుకే మార్చిన. నీకు బాధ కావద్దని.”

నేను పెట్టె ఆపాను. ఎన్ని రోజులుగా నేను ఆయన మీద ఏమేమి అనుకున్నానో అవన్నీ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

“బాధ అయితదన్నా, కాకపోదు. కాని గది నా బాధ. దాన్ని నువ్వు తీసేస్తె నాకేం మిగుల్తది?”

“మరి పాతదే ఉంచుదామా?”

“పాతదే.”

“సాంచాల చప్పుడు? పట్నం పిల్లగాడు అది గూడ తీయొచ్చంటుండు, కంప్యూటర్ల.”

“తీస్తె నేనెందుకు అరుస్తున్ననో ఎవరికి తెలుస్తది?”

అన్న నవ్వాడు. పక్కనే ఉన్న మిర్చిబజ్జీల బండి దగ్గర చాయ్ తాగాం. ఆ రోజు కోరుట్లలో వదిలేసిన చాయ్ గురించి వదిన చిన్నబుచ్చుకుందని చెప్పాడు. కొత్తగా పాడిన అమ్మాయి సంగతి అడిగాను. ఆమె కష్టం వృథా కావడం నాకు నచ్చలేదు. ఆ రోజు నేను లేచి వెళ్లిపోయిన సంగతి అన్న ఆమెకు అప్పుడే చెప్పాడట. “అసలు పాట పంపు అన్నా, నేనింట” అందట ఆమె.

ఆల్బమ్‌కు పేరు కావాలన్నారు. బ్యాండుకే ఎన్నడూ పేరు లేదు మాకు. హైదరాబాద్ అబ్బాయి ఏవేవో ఇంగ్లీషు పేర్లు పంపాడు. “బీములు రాలే” అని పెడదామని నాకూ అన్నకూ ఉంది గానీ, నోరు తెరిచి అనలేదు. అది మాకు సంబరమైన మాట, ఆ ఇంటికి కాదు. చివరికి తమ్ముడే అన్నాడు. వాళ్ల అమ్మను అడిగాడట. ఆమె, “నిజమే గదా రా, రాకపాయె. పెట్టుండ్రి” అందట. అన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుందని కూడా తమ్ముడు చెప్పాడు. ఆ పేరు చూసిన ప్రతిసారీ నాకు పాటకన్నా ముందు ఆమె అలా కూర్చోవడమే కళ్ల ముందుకు వస్తుంది. గడప మీద చేతులు ఒళ్లో పెట్టుకున్న ఆ పెద్దాయన కూడా. ఆయన ఇప్పుడు లేడు. మా పాటల్లో ఉన్న ఖాళీ అంతా మేం సృష్టించింది కాదు. అందులో కొంత ఆ షెడ్డుది. మేం దాన్ని వాడుకున్నాం. వాడుకోవడం తప్పని అనుకోను, కానీ అది మాది మాత్రమే అని కూడా అనుకోను.

రికార్డు వచ్చింది. అట్ట మీద ఫొటో లేదు. మేం ముగ్గురం కలిసి దిగిన ఫొటో ఒక్కటీ లేదు మరి. ముదురు నీలం రంగు మీద తెల్ల అక్షరాలు, అంతే. మా ఇంట్లో దాన్ని వాయించే మిషన్ లేదు కాబట్టి ఫోన్‌లోనే విన్నాం. మా ఆయన మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విని, “కొన్ని అర్థం కాలే. ఆ సాంచాల పాట మాత్రం బాగుంది” అన్నాడు. ఆయన నోట అది చాలా పెద్ద మాట. ఊరంతా మారుమోగిందేమీ లేదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో కొందరు పిల్లలు విన్నారు. ఎవరో ఇంగ్లీషులో వ్యాసం రాశారు. అందులో మమ్మల్ని గురించి మాకే తెలియని సంగతులు చాలా ఉన్నాయి. తమ్ముడి ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల దగ్గరి ఆడవాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టుకుని విన్నారట. ఆ కబురు మాత్రం నాకు వ్యాసం కన్నా ఎక్కువ సంతోషం కలిగించింది.

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లలు నేను క్లాసులోకి పోయేసరికి ఫోన్‌లో మా పాట పెట్టి ఉన్నారు. బడికి ఫోన్ తేకూడదు. నేను చూసీ చూడనట్టు నిలబడ్డాను. వెనక బెంచీ పిల్ల అడిగింది: “టీచర్, మీరు అంత గట్టిగ అరిచేవాళ్లా?”

“సాంచాలు ఉన్నయి కదా పక్కన” అన్నాను. అది పూర్తి జవాబు కాదు. వాళ్లు కూడా పూర్తి జవాబు కోసం అడగలేదు. పుస్తకాలు తీయమన్నాను.

ఇప్పుడు వీలైన ఆదివారాలు ముగ్గురం కోరుట్లలో అన్న గదిలో కలుస్తున్నాం. చర్చివాళ్లు బేస్ గిటారు మళ్లీ ఇచ్చారు. తీగలు తుప్పుపట్టి ఉంటే కొత్తవి వేయించుకున్నాను. వేళ్లు మళ్లీ బొబ్బలెక్కాయి. బేస్‌కు గొంతుతో పని లేదు, అయినా వాయిస్తుంటే ఛాతీలో మోగుతుంది. పాడినప్పుడు మోగే చోటే అది. ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు. అప్పుడు రెండూ ఒకేసారి చేసేదాన్ని కదా.

కొత్తగా ఒకటి వాయిస్తున్నాం. మాటలు లేవు. పోయిన వారం అన్న మధ్యలో ఆపి, “దీనికి ఎవరు పాడాలె చెల్లె? గా పిల్లను పిలుద్దమా?” అని భయం భయంగా అడిగాడు.

“పిలువన్నా” అన్నాను. “కొత్త పాట కదా. గా పిల్ల దాని పాట అది పాడుకుంటది.”

మా మాటలేవీ వినకుండా తమ్ముడు వాయిస్తూనే ఉన్నాడు. నేను వేళ్లకు గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ అందుకున్నాను.